ఎవరిదీ కాని కందూరు

మనవడి కోసం మొక్కుకున్న కందూరు తీర్చాలా వద్దా అన్నది పోయిన ఎండాకాలమంతా మా ఇంట్లో నలిగిన మాట. ఆ మాటతో పాటు నా బుర్ర కూడా నలిగింది. హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. దేశం, జాతి, సంస్కృతి, భిన్నత్వంలో ఏకత్వం అని నల్లబల్ల మీద గుండ్రంగా రాసి, కింద గీత గీసి, పిల్లల చేత అప్పజెప్పించుకున్నదాన్ని. తీరా అవన్నీ కట్టగట్టుకుని మా ప్రొద్దుటూరు ఇంటి వసారాలోకి వచ్చి కూర్చుంటే, వాటిలో ఏది ఏదో పోల్చుకోలేకపోయాను.

కందూరంటే తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తాను. దర్గాకు మొక్కుకుని, కోరిక తీరాక పొట్టేలును అక్కడికి తోలుకుపోవాలి. దర్గా చూసుకునే ముజావరు ఫాతెహా ప్రార్థన చదువుతాడు, పొట్టేలును ఆయనే కోస్తాడు. అక్కడే పొయ్యి పెట్టి వండి, వచ్చినవాళ్ళందరికీ పెట్టాలి. మా పుట్టిల్లు జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున ఒక పల్లె. మా నాయన అక్కడ పెద్ద రైతు, నలుగురూ పంచాయితీకి పిలిచే మనిషి. జొన్నకోతలు అయ్యాక ఏటా ఊరిబయటి దర్గా దగ్గర కందూరు చేసేవాడు. నుదుటి నిండా విభూతి పెట్టుకునే వచ్చేవాడు. తుడుచుకోమని ఎవరూ అనలేదు, తుడుచుకోవాలని ఆయనకూ తోచలేదు. ఆ లోపల సమాధిలో ఉన్నాయన్ను మేము స్వామి అనేవాళ్ళం, ముజావరు ఇంటివాళ్ళు బాబా అనేవాళ్ళు. రెండు వైపుల నుంచీ పిలుస్తున్నది ఒకరినేనా అన్న అనుమానం అప్పుడు నాకు రాలేదు. ఇప్పుడు వస్తోంది.

ఆ ముజావరు కొడుకు నాకంటే కాస్త పెద్దవాడు. చిన్నప్పటి నుంచి నాకు అన్న. నేను పెళ్ళై ప్రొద్దుటూరు వచ్చాక, ఆయన కూడా ఇక్కడికే వచ్చి మా వీధి చివర టైలరు షాపు పెట్టుకున్నాడు. ఆయన భార్య నాకు వదినె. వాళ్ళబ్బాయి నన్ను అత్తా అంటాడు, మా అబ్బాయి ఆయన్ను మామా అంటాడు. ఎవరు కలిపారో తెలియదు గానీ ఈ వరసలు ఏనాడూ తప్పలేదు. వాళ్ళ నాయన పోయాక దర్గా చదివింపులు, అంటే ఫాతెహాలు చదవడం, అన్న మీదే పడ్డాయి. గురువారమొస్తే షాపు మూసి, జమ్మలమడుగు బస్సెక్కేవాడు. నా బ్లౌజులు శుక్రవారానికి గానీ చేతికొచ్చేవి కావు.

మొక్కు సంగతికి వస్తాను. మా కోడలిది పులివెందుల. కాన్పు అక్కడే. పిల్లవాడు పుట్టగానే ఊపిరి సరిగ్గా ఆడక అద్దాల పెట్టెలో పెట్టారని ఫోనొచ్చింది. ఉన్నపళంగా బస్సెక్కాను. ముద్దనూరు దాటాక మళ్ళీ ఫోను, ‘ఏమీ చెప్పలేమంటాండారు’ అని. మా ఇంటి దేవుడి గూట్లో చోటు చాలనంతమంది దేవుళ్ళున్నారు. కిటికీ కడ్డీ పట్టుకుని నేను పిలిచింది మాత్రం పెన్న ఒడ్డు స్వామిని. ‘బిడ్డ బతికి ఇంటికొస్తే కందూరు చేస్తా సామీ, ఏడాది లోపల చేస్తా’ అని పైకే అన్నాను. పక్కసీటామె తిరిగి చూసి, ఏమీ అడగకుండా నా చెయ్యి పట్టుకుంది. పిల్లవాడు బతికాడు. ఇప్పుడు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటున్నాడు.

ఏడాది దగ్గర పడింది. బెంగుళూరు నుంచి మావాడు సెలవు పెట్టుకుని వచ్చాడు. నేను పొట్టేలు మాట ఎత్తగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“దర్గాకెందుకు మా? మన గంగమ్మ కాడ ఎంట్రుకలు తీపిద్దాం. సమాధికి మొక్కేది మన పద్ధతేనా?”

“మీ తాత పద్ధతి రా అది.”

“తాతకు తెలీక చేసినాడు. మనం యాడి నుంచి వచ్చినామో, మన మూలమేందో మనమే మర్చిపోయినాం. అందుకే అందరూ మనల్ని తోసుకుంటా పోతాండారు.”

“ఎవుర్రా నిన్ను తోసింది? బెంగుళూరు ట్రాఫిక్కా?”

నవ్వలేదు. ఇదివరకైతే నవ్వేవాడు. వాడు చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. రెండు తిట్లు తిట్టి నా పని నేను చేసుకుపోయేదాన్ని. కానీ అన్నకు ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు కారులో వేసుకుని కడపకు పరుగెత్తింది వీడే. ఆస్పత్రి వరండాలో కింద పడుకుని కాపలా కాసిందీ వీడే. జాతీయగీతం వినిపిస్తే టీవీ ముందు కూడా లేచి నిలబడతాడు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అట్లా నిలబడమని నేర్పింది నేనే. ఇప్పుడు వాడు నిలబడిన చోటు నుంచి చూస్తే నేను ఎటో పక్కకు ఉన్నట్టున్నాను. ఎప్పుడు జరిగానో నాకు తెలియదు.

“నేనేమన్నా మామను వద్దంటాన్నా? మామ వేరు, ఇది వేరు” అన్నాడు.

ఆ రెండూ ఎక్కడ వేరవుతాయో చూపించమన్నాను. వాడు ఫోను తీసి ఏదో ఉపన్యాసం వినిపించబోయాడు. నేను పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. పొయ్యి మీద పాలే లేవు.

సాయంత్రం వదినె దగ్గరకు పోయాను. అక్కడైతే నా గోడు వినేవాళ్ళుంటారని ఆశ. వాళ్ళబ్బాయి కువైట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. గడ్డం పెంచాడు, బాగుంది. నాకు కుర్చీ వేసి, తాను కింద కూర్చున్నాడు. నేను కందూరు మాట అనగానే వదినె చేతిలోని చిక్కుడుకాయల వైపు వంగిపోయింది.

“అత్తా, మీరు తప్పుగా అనుకోగాకండి” అన్నాడు వాడు. “సమాధి కాడ అడగడం మా దీన్‌లో, మా మతంలో లేదు. అడిగేదేదో పైవాణ్ణే అడగాల. మా తాతలకు తెలీక చేసినారు. నాయన దగ్గర మాట తీసుకున్నా, ఇంగ ఆడ చదవనని.”

తెలీక చేసినారు! పొద్దున మా ఇంట్లో విన్న మాటే. సందులో నాలుగిళ్ళు దాటి వచ్చేసరికి ఆ మాట టోపీ పెట్టుకుని కూర్చుని ఉంది.

“మీ గుడి కాడ చేసుకోండి అత్తా. పనులన్నీ నేనే దగ్గరుండి చూసుకుంటా. కువైట్లో మేం అట్లనే ఉంటాం. కేరళోళ్ళు, బెంగాలీలు, ఫిలిప్పీన్సోళ్ళు, అందరం ఒకే బిల్డింగులో. ఎవురి పద్ధతి వాళ్ళది. ఒకరిదాంట్లో ఒకరు కాళ్ళు పెట్టరు. శానా గౌరవంగా ఉంటాది.”

ఇంత మర్యాదగా చెప్పేవాడితో ఎలా పోట్లాడాలి? వాడి ఫోను కవరు మీద మన జెండా బొమ్మ ఉంది. అరబ్బుల దేశంలో తనను చూడగానే ఇండియావాడని గుర్తుపట్టాలని పెట్టుకున్నాడట. అది విని నేను మరింత తికమకపడ్డాను. అన్న కుట్టుమిషను ముందు కూర్చుని ఒక చొక్కా కాలరును అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆయన మా వైపు చూడలేదు.

మర్నాడు ఇద్దరు కొడుకులూ మా మిద్దె మీద కూర్చున్నారు. చిన్నప్పుడు ఒకే బ్యాటుతో ఆడి, ఒకే కిటికీ అద్దం పగలగొట్టినవాళ్ళు. ఫోనులో ఇండియా మ్యాచ్ పెట్టుకున్నారు. పొట్టేలు మీద ఇద్దరూ ఎక్కడ తగువు పడతారోనని గుండె చేత్తో పట్టుకుని టీ తీసుకుపోయాను. వాళ్ళు తగువు పడలేదు. మెట్ల మీద ఉండగానే వినబడింది, మావాడు అంటున్నాడు, “నువ్వు చెప్పేదే రైటు రా. ఎవరిది వాళ్ళకుంటే గొడవే లేదు.” ఆ అబ్బాయి అంటున్నాడు, “అదే కదా నేను నాయనకు చెప్తాండేది.” ఇంతలో ఎవడో సిక్సరు కొట్టాడు. ఇద్దరూ లేచి ఒకరినొకరు వాటేసుకుని అరిచారు. కొట్టుకుంటారేమోనని భయపడుతూ వెళ్ళినదాన్ని, ఒప్పుకున్నారని తెలిశాక ఇంకా ఎక్కువ భయపడ్డాను.

ఏర్పాట్లు కూడా వాళ్ళే తేల్చేశారు. వెంట్రుకలు గంగమ్మ గుడి దగ్గర. భోజనాలు ప్రొద్దుటూరులో ఫంక్షన్ హాల్లో. మాంసానికి రెండు కౌంటర్లు, ఒకటి హలాలు, ఒకటి మామూలు, పైన బోర్డులు. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

“కందూరులో ఒకటే దేగిశా కదరా” అన్నాను. “అందరూ అదే తినేవాళ్ళం.”

“అందరూనా?” అన్నాడు మావాడు. వాడి గొంతులో వెటకారం లేదు, అదే నన్ను ఎక్కువ పొడిచింది. “ఎస్సీలకు యాడ పెట్టేవాళ్ళు మా? తాత మామోళ్ళ నాయన్ను మన వంటింట్లోకి రానిచ్చినాడా ఎప్పుడన్నా?”

ఎస్సీలకు చింతచెట్ల అవతల వేరే బంతి. ముజావరుకు మా వసారాలో వేరే గ్లాసు. రెండూ నా కళ్ళతో చూసినవే. నేను వెనకేసుకొస్తున్న ఆ పాత రోజులు కూడా నా పాఠంలో ఉన్నంత చక్కగా లేవు. మరి నాకు ఏది కావాలి? మావాడు దేశమంతా ఒకటి కావాలంటాడు, అందుకు ముందు మనం వేరని తెలుసుకోవాలంటాడు. ఆ అబ్బాయి వేరువేరుగా ఉంటేనే గౌరవమంటాడు, అయినా మన జెండా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. పరీక్ష పేపరులో ఈ ప్రశ్న వస్తే ఎన్ని మార్కులు వేయాలో నాకు తెలియడం లేదు. కందూరు చేయనని మావాడికి మాట ఇచ్చేశాను. అలసిపోయి ఇచ్చిన మాట అది.

ఫంక్షన్ రోజు బోర్డులు బాగానే కట్టారు. పెద్ద పెద్ద అక్షరాలు. మా పుట్టింటి పల్లె నుంచి రెండు ఆటోల నిండా వచ్చారు, ముసలీ ముతకా అందరూ. పంచెలు, తలగుడ్డలు, ముక్కుపుడకలు. ఆకలి మీద ఉన్నారు. రెండు కౌంటర్ల మధ్య నిలబడి మా పెదనాయన కొడుకు వడ్డించేవాణ్ణి అడిగాడు.

“ఈడ ఏంది తేడా అప్పా?”

“ఇది సాయిబు కోసింది, అది మామూలుగా కోసింది పెద్దాయనా.”

“మామూలుగా అంటే? సాయిబు కోయకుండా ఎట్ల కోసినారు?”

“ఎట్ల కోస్తేనేం, మాంసమే కదా.”

“అట్ల కోసింది మేం తినం నాయనా. మా ఊర్లో కోడిని గూడా సాయిబు చేతికిచ్చే కోపిస్తాం. అది పద్ధతి.”

ఆయన పోయి హలాలు కౌంటరు ముందు నిలబడ్డాడు. ఆయన వెనక మా పల్లె మొత్తం నిలబడింది. విభూతులు, బొట్లు, ఒకాయన మెడలో రుద్రాక్షలు కూడా. కువైట్ అబ్బాయి పిలిచిన అతని స్నేహితులు చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆ కౌంటర్లో గిన్నె అడుగు కనబడుతోంది. రెండో కౌంటర్లో కూర పెట్టింది పెట్టినట్టే పొగలు కక్కుతోంది. అక్కడ మా కోడలి తరఫు పులివెందుల వాళ్ళు మాత్రం కొంతమంది నిలబడ్డారు. మావాడు ఎర్రబడిన మొహంతో ఆ అబ్బాయి వైపు చూశాడు, ఆ అబ్బాయి వీడి వైపు చూశాడు. ఇద్దరూ కలిసి మా పెదనాయన కొడుక్కి నచ్చజెప్పబోయారు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, “మీకు తెలీదు లేప్పా, చిన్నపిల్లోళ్ళు” అన్నాడు.

నేను గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ చూస్తే అన్నా వదినె కనబడ్డారు. ఒక మూలన కూర్చుని పెరుగన్నం తింటున్నారు. ఏ కౌంటరు దగ్గరకూ పోలేదట. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఫంక్షనైన రెండో వారంలో పిల్లవాడికి జ్వరం వచ్చింది. జలుబు జ్వరమేనని, ఈ కాలంలో పిల్లలందరికీ వస్తోందని డాక్టరు చెప్పాడు. మందు పోస్తే తగ్గింది. నాకు మాత్రం తగ్గలేదు. ఏడాది లోపల అన్నాను కదా, ఆ ఏడాది అయిపోతోంది. పిల్లవాడు దగ్గినప్పుడల్లా లేచి వాడి నుదురు తాకి చూసేదాన్ని. చదువుకున్నదాన్ని, పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయించినదాన్ని, సిగ్గుగానే ఉంది. భయం మాత్రం సిగ్గుపడలేదు.

మా కోడలు కనిపెట్టింది. మావాడు బెంగుళూరు పోయిన మర్నాడు, “అత్తా, దర్గాకు పోయొద్దాం పాండి” అంది. “నాకు పెద్ద నమ్మకమేం లేదు. మీరు మాత్రం తిండి తినకుండా చిక్కిపోతాండారు.”

“మాటిచ్చినా కదమ్మా వానికి.”

“కందూరు చెయ్యనని కదా ఇచ్చింది. చక్కెర చదివిస్తే కందూరెట్ల అయితాది?”

చక్కెర పొట్లం తీసుకుపోయి ఫాతెహా చదివించి పంచుకోవడం మా వైపు మామూలే. పొట్టేలు కాకపోయినా ఇదైనా ముట్టజెప్పి, మిగతాదానికి గడువు అడగొచ్చు. కానీ చదివేదెవరు? అన్న షాపు ముందు నిలబడి, “దారి చూపిద్దువు రా అన్నా” అన్నాను. నేను పుట్టిన ఊరికి నాకే దారి చూపాలట. ఆయన నన్ను చూశాడు, కోడలి చంకలో పిల్లవాణ్ణి చూశాడు. మిషను మీద గుడ్డ కప్పి లేచాడు. కువైట్ అబ్బాయి అప్పటికే తిరిగి వెళ్ళిపోయాడు.

జమ్మలమడుగులో దిగి ఆటో ఎక్కాము. దర్గా నేను చూసినప్పటికంటే చిన్నదైనట్టు అనిపించింది. అన్న చదవడం మానేశాక ఊరి చాకలామె రోజూ ఊడ్చి దీపం పెట్టిపోతోందట. నేను ఆడవాళ్ళు నిలబడే గడప దగ్గర నిలబడ్డాను. కోడలు పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. అన్న లోపలికి రాలేదు. మెట్ల కింద, మాకు వీపు పెట్టి, వేపచెట్టు వైపు తిరిగి కూర్చున్నాడు.

“అన్నా...” అన్నాను.

“వాని మీద ఒట్టేసి మాటిచ్చినానమ్మా. వాడు చదివింది తప్పని నేను చెప్పలేను. నాకంత చదువు లేదు. మా నాయన చేసింది తప్పని గూడా చెప్పలేను.”

“మరి ఎట్ల?”

రాలిన వేపపుల్ల ఒకటి తీసి విరిచాడు. తర్వాత అటు తిరిగే అన్నాడు, “చిన్నప్పటి నుంచీ వింటాండావు కదా. నువ్వే చదువు.”

చక్కెర పొట్లం విప్పి గడప మీద పెట్టాను. బిస్మిల్లా అని మొదలుపెట్టాను. నా చెవికి ఎంత వచ్చో అంతే వచ్చింది. నాలుగు మాటల తర్వాత ఏదో తప్పింది. మెట్ల కింద నుంచి అన్న గొంతు ఆ మాటను సరిచేసింది. అది అన్నాను. మళ్ళీ తప్పాను, మళ్ళీ అందించాడు. ఆ తర్వాత నాకు అసలేమీ రాదు. ఆయన ఒక్కొక్క మాటే అందిస్తూ పోయాడు, నేను ఒక్కొక్కటే అందుకుంటూ పోయాను. నాకు అర్థం తెలియని మాటలు, నా నోట్లో నుంచి, మా మనవడి కోసం. చివరికి వచ్చేసరికి ఇద్దరం ఒకేసారి చదువుతున్నాం.

“నేనేం చదవలా” అన్నాడు అయిపోయాక. “నువ్వు తప్పు పోతాంటే చెప్పినా, అంతే.”

“నేను గూడా కందూరు చెయ్యలేదు లే” అన్నాను.

కోడలు కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. పిల్లవాడు చక్కెరలో చెయ్యి పెట్టాడు. నాకు గుండె కాస్త తేలికైంది. ఇక ఒక్కటే మిగిలింది. ఏ మొక్కు తెచ్చినా, చదివింపులయ్యాక ముజావరు మన తల మీద చెయ్యి ఆనించి, ‘మొక్కు ముట్టింది, ఇంటికి పోండి’ అంటాడు. ఆయన అన్నాకనే మా నాయన కూడా గడప దిగేవాడు. ఆ ఒక్క మాట వింటే చాలు, నేను ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకుంటాను.

“అన్నా, ముట్టినట్టేనా?” అన్నాను.

ఆయన లేచి ఇటు తిరిగాడు. పిల్లవాడి తల వైపు చెయ్యి చాపాడు. చెయ్యి మధ్యలోనే ఆగింది. కాసేపు అట్లాగే ఉంచి, వెనక్కి తీసుకున్నాడు.

“ఆ మాట చెప్పేవాళ్ళం మేమేనమ్మా” అన్నాడు. “ఇప్పుడు నేను చెప్పకూడదు.”

మా నలుగురిలో ఇంకెవరూ ఆ మాట చెప్పగలిగినవాళ్ళు లేరు. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆటో దగ్గరకు నడిచాము.